హైదరాబాద్ నుంచి సింగపూర్ ఎంత దూరం, ఎంతసేపు? మీరే లెక్కేసుకోవడం ఎలా

హైదరాబాద్ నుంచి సింగపూర్‌కి విమానదూరం దాదాపు 3,305 కి.మీ. నేరుగా వెళ్లే విమానంలో నాలుగున్నర గంటలు. తొందరలో ఉన్నవాళ్లకి జవాబు ఇంతే.

కాస్త తీరిక ఉన్నవాళ్లు ఇదే ప్రశ్న నెట్‌లో రెండు మూడు చోట్ల వెతికి చూడండి. ఒకచోట 3,305 అంటుంది, ఇంకోచోట 2,054, మరోచోట 1,784. సమయం సంగతి సరేసరి. ఒక సైట్ నాలుగు గంటల ఐదు నిమిషాలంటుంది, టికెట్ మీద చూస్తే రాత్రి పదకొండు దాటాక ఎక్కి పొద్దున్న ఆరుకు దిగుతున్నట్టు ఉంటుంది, అంటే ఏడు గంటలు. వీటిలో ఏదీ అబద్ధం కాదు. ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకు జవాబు, అంతే. ఏది దేనికి జవాబో తెలిస్తే ఆసియాలో ఏ రెండు ఊళ్ల మధ్యైనా దూరం, సమయం కాగితం మీద మీరే తేల్చుకోవచ్చు. హైదరాబాద్, సింగపూర్‌లనే ఉదాహరణగా పెట్టుకుని మొదటి నుంచి చేద్దాం.

ముందు ఊరు కాదు, విమానాశ్రయం పట్టుకోండి

దూరం కొలిచేది ఊరి నడిబొడ్డు నుంచి కాదు, రన్‌వే ఉన్న చోటు నుంచి. కాబట్టి మొదటి పని రెండు విమానాశ్రయాల మూడక్షరాల కోడ్‌లు రాసుకోవడం. శంషాబాద్‌ది హెచ్‌వైడీ, సింగపూర్ చాంగీది ఎస్ఐఎన్. ఈ కోడ్‌లు టికెట్ మీదే ఉంటాయి.

ఇదెందుకంటే, మన హైదరాబాద్ లాగే పాకిస్థాన్ సింధ్‌లో ఇంకో హైదరాబాద్ ఉంది. దాని కోడ్ హెచ్‌డీడీ. దూరాలు చెప్పే సైట్లలో ఊరి పేరు కొట్టగానే వచ్చే జాబితాలో మొదటిది నొక్కేస్తే ఒక్కోసారి లెక్క అక్కడి నుంచి మొదలవుతుంది. వందల కిలోమీటర్లు ఎక్కువ చూపిస్తుంటే అనుమానించాల్సింది దీన్నే. మన కోడ్‌కీ ఒక చిన్న కథ ఉంది. 2008 మార్చిలో శంషాబాద్ మొదలయ్యేదాకా హెచ్‌వైడీ అంటే బేగంపేట. విమానాలతో పాటు కోడ్ కూడా శంషాబాద్‌కి వెళ్లిపోయింది.

రెండు విమానాశ్రయాలున్న ఊళ్లతో ఇంకా జాగ్రత్త. టోక్యోలో హనేదా ఊరిని ఆనుకుని ఉంటుంది, నరితా 60 కి.మీ. అవతల. బ్యాంకాక్‌లో సువర్ణభూమి, డాన్ మువాంగ్ అని రెండు. సియోల్‌లో ఇంచియాన్, గింపో. విమానంలో మిగిలిన పావుగంట దిగాక రైల్లో గంటై పోవచ్చు.

దూరం: ఫోన్ కాలిక్యులేటర్ చాలు

శ్రమ వద్దనుకుంటే గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైట్లో రెండు కోడ్‌లూ మధ్యలో గీత పెట్టి కొడితే దూరం వచ్చేస్తుంది. గూగుల్ ఎర్త్‌లో స్కేలు గుర్తు నొక్కి రెండు చుక్కలు పెట్టినా వస్తుంది. కానీ ఒక్కసారైనా చేత్తో చేసి చూడండి. పదో తరగతి త్రికోణమితి ఎందుకు చదివామా అని విసుక్కున్న వాళ్లకి ఇక్కడ పని దొరుకుతుంది.

కావాల్సింది రెండు చోట్ల అక్షాంశం, రేఖాంశం. శంషాబాద్ 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం. చాంగీ 1.36 ఉత్తరం, 103.99 తూర్పు. గూగుల్ మ్యాప్స్‌లో ఆ చోటు మీద వేలు నొక్కి పట్టుకుంటే ఈ అంకెలు కనిపిస్తాయి.

ఫోన్ కాలిక్యులేటర్‌ని అడ్డంగా తిప్పితే సైన్, కాస్ మీటలు బయటికొస్తాయి. మొదట సైన్ 30 కొట్టండి. 0.5 వస్తే సరే. ఇంకేదైనా వస్తే అది డిగ్రీల్లో కాకుండా రేడియన్లలో ఉన్నట్టు, మార్చుకోండి. ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే.

ఇప్పుడు లెక్క. రెండు అక్షాంశాల సైన్‌లను గుణించండి: 0.2964 ఇంటూ 0.0237, సుమారు 0.0070. పక్కన రాసుకోండి. తర్వాత రెండు అక్షాంశాల కాస్‌లు, రేఖాంశాల తేడా కాస్, ఈ మూడూ గుణించండి. రేఖాంశాల తేడా 103.99 లోంచి 78.43 తీసేస్తే 25.56. కాబట్టి 0.9551 ఇంటూ 0.9997 ఇంటూ 0.9021, అంటే 0.8613. రెండూ కలిపితే 0.8683. దీనికి కాస్ ఇన్వర్స్ నొక్కితే 29.74 డిగ్రీలు వస్తుంది. భూమి మధ్యలో నిలబడి ఒక చేయి శంషాబాద్ వైపు, ఇంకో చేయి చాంగీ వైపు చాపితే ఆ రెండు చేతుల మధ్య ఉండే కోణం ఇది.

ఒక డిగ్రీకి 60 నాటికల్ మైళ్లు. 29.74 ఇంటూ 60, అంటే 1,784. ఒక నాటికల్ మైలు 1.852 కి.మీ. గుణిస్తే 3,305 దగ్గర తేలుతుంది.

మొదట్లో చూసిన మూడు అంకెల సంగతి ఇదే. 1,784 నాటికల్ మైళ్లు, పైలట్లు వాడేవి. 2,054 మామూలు మైళ్లు, అమెరికా సైట్లు వాడేవి. 3,305 కిలోమీటర్లు. ఎయిర్‌లైన్ మైలేజీ పాయింట్లు లెక్కేసుకునేవాళ్లు మామూలు మైళ్లు చూసుకోవాలి.

రెండు ఊళ్లూ దాదాపు ఒకే రేఖాంశం మీద ఉంటే ఈ తతంగమేమీ అక్కర్లేదు. ఢిల్లీ, కజకిస్థాన్‌లోని అల్మాటి ఇలాంటి జంట. రెండూ 77 డిగ్రీల తూర్పు రేఖాంశం పక్కనే ఉన్నాయి. అల్మాటి అక్షాంశం 43.35 లోంచి ఢిల్లీ 28.56 తీసేస్తే 14.79. డిగ్రీకి 111 కి.మీ. చొప్పున 1,640 చిల్లర. విమానం నిజంగా అంతే ఎగురుతుందా అంటే ఎగరదు. ఎందుకో కాసేపట్లో చూద్దాం.

మ్యాప్ మీద స్కేలు పెట్టి గీత గీస్తే వచ్చేది అతి దగ్గరి దారి కాదు. గుండ్రటి భూమిని బల్లపరుపు కాగితం మీద పరిచినప్పుడు అసలు దగ్గరి దారి విల్లులా వంగి కనిపిస్తుంది. భూమధ్యరేఖకు దగ్గర్లో ఆ వంపు తక్కువ, ఉత్తరానికి పోయేకొద్దీ ఎక్కువ. హైదరాబాద్–సింగపూర్ గీత దాదాపు తిన్నగానే ఉంటుంది. బాపట్ల దరిదాపుల్లో తీరం దాటి, బంగాళాఖాతం మీదుగా నికోబార్ దీవుల పక్కనుంచి మలక్కా జలసంధి వైపు పోతుంది. పగటిపూట వెళ్తుంటే ఎడమవైపు కిటికీ తీసుకోండి. ఎక్కిన కాసేపటికి కృష్ణా డెల్టా కాలువలు, చేపల చెరువులు కనిపించే అవకాశం ఉంది.

కిలోమీటర్ల నుంచి గంటల్లోకి

దూరాలు చెప్పే సైట్లలో ప్రయాణ సమయం అని ఉండే అంకెని నేనైతే అస్సలు పట్టించుకోను. అవి దూరాన్ని ఏదో ఒక స్థిరమైన వేగంతో భాగించి పడేస్తాయి. గాలి, దారి, రన్‌వే దగ్గర క్యూ, ఇవేవీ వాటికి తెలియవు. మనమే చేసుకునే లెక్క ఇంతకన్నా నయం.

ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 లాంటి ఒకే నడవ ఉన్న విమానాలు పైకి చేరాక గంటకు 830 కి.మీ. అటూ ఇటూగా పోతాయి. రెండు నడవలుండే ఏ350, బోయింగ్ 787 లాంటివి 900 దాకా. దూరాన్ని ఆ వేగంతో భాగించి 35 నిమిషాలు కలపండి. నేల మీద పాకడానికి, పైకెక్కేటప్పుడూ కిందికి దిగేటప్పుడూ తగ్గే వేగానికి ఆ 35 సరిపోతుంది. సింగపూర్‌కి 3,305ని 830తో భాగిస్తే నాలుగు గంటలకి ఒక నిమిషం తక్కువ. 35 కలిపితే నాలుగు గంటల 34 నిమిషాలు. టైంటేబుల్‌లో ఉండేదీ ఇంచుమించు ఇదే.

టైంటేబుల్లో బయలుదేరే సమయమంటే చక్రాలు గాల్లోకి లేచే సమయం కాదు, విమానం గేటు వదిలి కదిలే సమయం. చేరే సమయమంటే అవతల గేటు దగ్గర ఆగే సమయం. రన్‌వే తాకాక గేటు చేరడానికి పట్టే పది నిమిషాలూ అందులోనే కలిసి ఉంటాయి. పైగా కంపెనీలు కొంత కొసరు కూడా కలుపుకుంటాయి, ఆలస్యంగా బయలుదేరినా టైంకే దిగామని చెప్పుకోవడానికి. అందుకే నలభై నిమిషాలు ఆలస్యంగా కదిలిన విమానం పావుగంట ఆలస్యంతోనే దిగిపోతే ఆశ్చర్యపోకండి.

కచ్చితంగా కావాలంటే ఫ్లైట్‌రాడార్24 లాంటి చోట మీ ఫ్లైట్ నంబర్ కొట్టి గత వారం రోజుల రికార్డు చూడండి. రోజూ నిజంగా ఎప్పుడు లేచిందో, ఎప్పుడు దిగిందో ఉంటుంది. తరచూ గంట ఆలస్యమయ్యే సర్వీసు అయితే అక్కడే బయటపడుతుంది. కనెక్షన్ ఉన్నవాళ్లు టికెట్ కొనే ముందే ఈ పని చేయాలి. కొన్నాక తెలిస్తే టెన్షన్ తప్ప చేయగలిగేది పెద్దగా ఉండదు.

పోయేటప్పుడొక టైం, వచ్చేటప్పుడొక టైం

ఇప్పుడు అదే సూత్రం హైదరాబాద్–దుబాయ్‌కి వేసి చూడండి. దూరం 2,550 కి.మీ. లెక్క ప్రకారం మూడు గంటల నలభై నిమిషాలు రావాలి. కానీ దుబాయ్ వెళ్లేటప్పుడు నాలుగు గంటలు, తిరిగొచ్చేటప్పుడు మూడున్నర అటూ ఇటూ పడుతుంది. లెక్క తప్పలేదు, గాలి కలిసింది. ఆ ఎత్తులో, ముఖ్యంగా చలికాలంలో, గాలి పడమటి నుంచి తూర్పుకి బలంగా వీస్తుంది. తూర్పుకి పోయే విమానాన్ని వెనకనుంచి తోస్తుంది, పడమటికి పోయేదానికి ఎదురొస్తుంది.

ఉత్తరానికి పోతే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. ఢిల్లీ–టోక్యో దూరం దాదాపు 5,860 కి.మీ. వెళ్లేటప్పుడు ఏడున్నర గంటల్లో అయిపోయే ప్రయాణం తిరుగుదారిలో తొమ్మిది గంటలు దాటుతుంది. చలికాలంలో జపాన్ మీద జెట్ స్ట్రీమ్, అంటే చాలా ఎత్తున నదిలా వేగంగా వీచే ఆ పడమటి గాలి, గంటకు 300 కి.మీ. దాటే రోజులుంటాయి. అలాంటి గాలికి ఎదురెళ్లాలి మరి. కాబట్టి తూర్పు–పడమర ప్రయాణాలకి ఒకవైపు టైం చూసి రెండోవైపూ అంతే అనుకోవద్దు. తిరుగు టికెట్ టైం విడిగా చూడండి.

సింగపూర్ దారి ఈ గోలకి కొంత దూరం. భూమధ్యరేఖ వైపు పోయే దారి కాబట్టి రెండువైపులా సమయం దాదాపు ఒకటే, పది పదిహేను నిమిషాలు అటూ ఇటూ. అయితే నైరుతి రుతుపవనాల నెలల్లో దక్షిణ భారతం మీద చాలా ఎత్తున గాలి తిరగబడుతుంది, తూర్పు నుంచి పడమరకి వీస్తుంది. దీన్ని ఉష్ణమండల తూర్పు జెట్ అంటారు. దీని గురించి 1958లో వివరంగా పరిశోధన పత్రం రాసినాయన మన వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. తర్వాత ఆయన భారత వాతావరణ శాఖకి డైరెక్టర్ జనరల్ అయ్యారు. జూలైలో సింగపూర్ నుంచి వచ్చే విమానం కాస్త ముందే దిగితే అందులో ఆ గాలి చేయి కూడా ఉండొచ్చు.

ఆకాశంలోనూ చుట్టుదారులు

ఇక ఢిల్లీ–అల్మాటి దగ్గరికి వద్దాం. 1,640 కి.మీ. అంటే సూత్రం ప్రకారం రెండు గంటల ముప్పావు కూడా పట్టకూడదు. తిన్నగా ఉత్తరానికి పోదామంటే హిమాలయాలు, కారకోరం, వాటి వెనక చైనా ఎత్తు ప్రాంతాలు అడ్డం. విమానం పర్వతాల కన్నా ఎత్తులోనే ఎగురుతుంది కదా అనొచ్చు. నిజమే. కానీ లోపల గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ వెంటనే 10,000 అడుగులకు దిగాలి, ప్రయాణికుల మాస్కుల్లో ఆక్సిజన్ వచ్చేది కొద్ది నిమిషాలే. కింద 15,000, 20,000 అడుగుల కొండలుంటే దిగడానికి చోటేది? అందుకే టిబెట్ వైపు మామూలు విమానాలు సాధ్యమైనంత తక్కువగా పోతాయి. ఢిల్లీ–టోక్యో విమానాలు కూడా ఇందుకే దక్షిణంగా, మయన్మార్, చైనా దక్షిణ భాగం వైపు నుంచి చుట్టి పోతుంటాయి.

అల్మాటికి భారత విమానాలు వాడే చుట్టుదారి పాకిస్థాన్ మీదుగా ఉండేది. 2025 ఏప్రిల్ 24న పాకిస్థాన్ భారత విమానాలకు తన గగనతలం మూసేసింది. వారం తిరక్కుండానే మన దేశమూ అదే పని చేసింది. ఇంకా పడమరగా చుట్టి వెళ్లాలంటే ఉన్న విమానాల పరిధి చాలదని ఇండిగో ఢిల్లీ నుంచి అల్మాటి, తాష్కెంట్ సర్వీసులు ఆపేసుకుంది. ఆ మూసివేత వర్తించింది భారత విమానాలకే, కజకిస్థాన్ కంపెనీకి కాదు. దూరం మారలేదు, ఊళ్లూ కదల్లేదు, ప్రయాణం మాత్రం కొందరికి మిగిలింది, కొందరికి ఆగిపోయింది. మధ్య ఆసియాలో మెడిసిన్ చదివే పిల్లలు తెలుగు రాష్ట్రాల నుంచి చాలామంది ఉన్నారు. వాళ్ల తల్లిదండ్రులు టికెట్ చూసేటప్పుడు పాత సంవత్సరం సమయాల మీద ఆధారపడకుండా ఆ నెల టైంటేబుల్ చూడాలి. విమానం ఏ దేశపు కంపెనీదో కూడా చూడాలి.

సింగపూర్ వెళ్లేవాళ్లకి ఈ బెడద లేదు. దారంతా సముద్రమే.

గడియారం లెక్క

ఇప్పుడు ఆ ఏడు గంటల సంగతి. టికెట్ మీద ఇలా ఉందనుకుందాం: హైదరాబాద్ 23:10, సింగపూర్ 06:10, పక్కన చిన్నగా ప్లస్ 1. రెండూ ఏ ఊరి టైం ఆ ఊరిదే. ప్లస్ 1 అంటే మర్నాడు. సింగపూర్ మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. 06:10ని మన టైంలోకి మారిస్తే తెల్లవారుజాము 3:40. రాత్రి 11:10 నుంచి 3:40కి నాలుగున్నర గంటలు. తిరుగు టికెట్ 20:15కి సింగపూర్ వదిలి 22:20కి హైదరాబాద్ దిగుతుందని ఉంటే రెండు గంటల ప్రయాణమని మురిసిపోవద్దు. 20:15 సింగపూర్ టైం అంటే మనకి సాయంత్రం 5:45. అక్కడి నుంచి 10:20కి నాలుగు గంటల 35 నిమిషాలు.

పద్ధతి ఎప్పుడూ ఒకటే: రెండు టైంలనూ ముందు భారత కాలంలోకి మార్చి, ఆ తర్వాతే తీసివేయండి. కూడాలా తీసేయాలా అన్న తికమక ఉండదు. తరచూ పడే తేడాలు: దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక, బ్యాంకాక్ గంటన్నర ముందు. కౌలాలంపూర్, హాంకాంగ్, చైనా అంతా సింగపూర్ లాగే రెండున్నర ముందు, టోక్యో, సియోల్ మూడున్నర ముందు. శ్రీలంకది మన టైమే. నేపాల్ పావుగంట ముందు, ఆ పావుగంటని మర్చిపోయేవాళ్లే ఎక్కువ. వేసవికి గడియారం మార్చే అలవాటు ఆసియాలో ఇజ్రాయెల్, లెబనాన్ లాంటి ఏ కొన్నిచోట్లో తప్ప లేదు.

సింగపూర్‌లో సూర్యుడు ఏడింటికి గానీ లేవడు. ఆరింటికి దిగి చీకటిగా ఉందేమిటని కంగారుపడొద్దు. మ్యాప్ ప్రకారం దానికి ఒక గంట వెనక టైం ఉండాలి. మలేసియాతో పాటు 1982 నుంచి గడియారం ముందుకు జరుపుకుంది. అల్మాటిది దీనికి తలకిందుల కథ. 2024 మార్చి 1 నుంచి కజకిస్థాన్ అంతటా ఒకటే టైం పెట్టారు, అల్మాటి గంట వెనక్కి జరిగింది. అంతకుముందు మనకన్నా అరగంట ముందుండేది, ఇప్పుడు అరగంట వెనక. పాత వెబ్ పేజీల్లో ఇంకా ముందున్నట్టే ఉంటుంది.

తేదీ దగ్గర ఇంకో చిక్కుంది, డబ్బు పోయేది ఇక్కడే. టికెట్ మీద 15వ తేదీ 00:40 అని ఉంటే మీరు ఎయిర్‌పోర్టుకి వెళ్లాల్సింది 14 రాత్రి. 15 రాత్రి తాపీగా పెట్టె సర్దుకుని వెళ్తే విమానం పోయి ఒక రోజవుతుంది. పెద్దవాళ్లకి టికెట్ తీసి పంపేటప్పుడు వాట్సాప్‌లో పీడీఎఫ్ ఒక్కటే పడేయకండి. 14 రాత్రి తొమ్మిదికి ఇంట్లో బయలుదేరాలి అని తెలుగులో ఒక ముక్క రాయండి. షుగర్ మందులు, ఇన్సులిన్ వాడేవాళ్లైతే డోసు ఏ ఊరి టైం ప్రకారం వేసుకోవాలో ముందే డాక్టర్‌ని అడిగి అదీ అందులోనే రాయండి.

నేరు విమానం లేకపోతే

హైదరాబాద్ నుంచి టోక్యో వెళ్లాలనుకోండి. మధ్యలో ఎక్కడో దిగి మారాలి. ఎక్కడ మారితే నయం? పైన చేసిన దూరం లెక్క అసలు అక్కరకొచ్చేది ఇక్కడే. హైదరాబాద్–నరితా తిన్నటి దూరం 6,390 కి.మీ. సింగపూర్ మీదుగా వెళ్తే 3,305, అక్కడి నుంచి నరితాకి 5,360, మొత్తం 8,665. హాంకాంగ్ మీదుగా వెళ్తే 3,750, 2,960, మొత్తం 6,710. ఒకటి 320 కి.మీ. చుట్టు, ఇంకోటి 2,275. ఆ తేడా అంటే గాల్లో రెండు గంటలకు పైనే. టికెట్ ధర ఒకటే అయితే, ఆగే సమయం రెండింట్లోనూ మరీ తేడా లేకపోతే, నేను హాంకాంగ్ వైపే చూస్తాను. సింగపూర్‌లో బంధువుల్ని చూసి పోదామనుకుంటే అది వేరే లెక్క.

ఆగే సమయం విషయంలో ఒక్క ప్రశ్న వేసుకోండి: రెండు విమానాలూ ఒకే టికెట్ మీదున్నాయా? ఒకే బుకింగ్ అయితే మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే తర్వాతి దాంట్లో ఎక్కించే బాధ్యత కంపెనీది. సామాను కూడా మామూలుగా చివరి ఊరికే పోతుంది. చవగ్గా వచ్చాయని విడివిడిగా కొంటే ఆ భారమంతా మీదే. మధ్యలో ఇమిగ్రేషన్ దాటి సామాను తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాల్సి రావచ్చు, దానికి ఆ దేశం వీసా కూడా కావాల్సి రావచ్చు. అలాంటప్పుడు మధ్యలో నాలుగు గంటలకి తగ్గకుండా పెట్టుకోండి.

ఉత్తరాంధ్ర వాళ్లకి ఒక మాట. వైజాగ్ నుంచి సింగపూర్ 2,900 కి.మీ., అంటే హైదరాబాద్ కన్నా 400 దగ్గర. వైజాగ్ నుంచి నేరుగా వెళ్లే విమానం మీ తేదీకి ఉందేమో ముందు చూడండి. శ్రీకాకుళం నుంచి శంషాబాద్ దాకా వచ్చి, మళ్లీ తూర్పు తీరం మీదుగానే వెనక్కి ఎగరడం దేనికి?

గుమ్మం నుంచి గుమ్మం దాకా

సెలవు పెట్టేవాళ్లకి, చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకి అసలు కావాల్సింది ఈ అంకె. కూకట్‌పల్లి నుంచి ఔటర్ మీదుగా శంషాబాద్‌కి గంట వేసుకోండి. మెహదీపట్నం వైపు నుంచైతే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఉంది, ఇంకాస్త తొందరగా రావచ్చు. శంషాబాద్‌కి మెట్రో లేదు కాబట్టి కారో, ఆర్టీసీ పుష్పక్ బస్సో. అంతర్జాతీయ ప్రయాణానికి మూడు గంటల ముందుండాలి. చెక్-ఇన్ కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు. మూడు గంటలు ఎక్కువని కొందరంటారు గానీ, రాత్రి పదింటి నుంచి ఒంటిగంట దాకా గల్ఫ్ విమానాలు, తూర్పు విమానాలు ఒకేసారి పడతాయి, ఇమిగ్రేషన్ లైను చూస్తే ఆ మాట వెనక్కి తీసుకుంటారు.

విమానంలో నాలుగున్నర గంటలు. చాంగీలో దిగి, ఇమిగ్రేషన్ దాటి, సామాను తీసుకుని బయటపడటానికి ముప్పావుగంట నుంచి గంట. సింగపూర్ వెళ్లే ముందు మూడు రోజుల్లోపు అక్కడి ఇమిగ్రేషన్ శాఖ సైట్లో అరైవల్ కార్డు నింపి పెట్టుకోవాలి. అది ఉచితం, డబ్బు అడిగితే మీరు వేరే సైట్లో ఉన్నట్టు. అక్కడి నుంచి లిటిల్ ఇండియా వైపు టాక్సీలో అరగంట, మెట్రోలో ముప్పావుగంటకు పైన.

మొత్తం కలిపితే పది గంటలు. అందులో విమానంలో కూర్చునేది సగం కూడా కాదు. వరంగల్ నుంచో ఖమ్మం నుంచో బయలుదేరేవాళ్లు రోడ్డు మీద ఇంకో మూడు నాలుగు గంటలు కలుపుకోవాలి.

అవతల ఎదురుచూసేవాళ్లకి ఈ మొత్తమంతా అక్కర్లేదు. వాళ్లకి ఫ్లైట్ నంబర్, తేదీ, టెర్మినల్ నంబర్ పంపండి. దిగే సమయానికి గంట కలిపి ఆ టైంకి రమ్మనండి. ట్రాకింగ్ యాప్‌లో ల్యాండెడ్ అని పడగానే ఇంటి నుంచి బయలుదేరినా సింగపూర్‌లో చాలామందికి సరిపోతుంది. టెర్మినల్ నంబర్ మాత్రం మర్చిపోకండి. చాంగీలో 1, 2, 3 పక్కపక్కనే ఉన్నాయి, రైలెక్కో నడిచో మారిపోవచ్చు. నాలుగో టెర్మినల్ విడిగా ఉంది, అక్కడికి షటిల్ బస్సు పట్టుకోవాలి.